టాప్ లోడ్ వాషింగ్ మెషిన్‌కి ఇంటికొచ్చి చేసే ‘టబ్ సర్వీస్’: బెజవాడలో ఇచ్చే డబ్బుకి ఏం పని జరగాలి?

ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా కాలరు మీద నానిన తేయాకు ముక్కల్లాంటి నల్లటి పొరలు కనపడితే చాలామంది ముందు నీళ్లని అనుమానిస్తారు, ఆ తర్వాత పౌడర్ని. నిజానికి అవి మెషిన్ లోపలి నుంచే ఊడి వస్తుంటాయి. బట్టలు తిరిగే స్టీలు డ్రమ్ముకీ, దాని బయట నీళ్లు నిలబెట్టే ప్లాస్టిక్ టబ్‌కీ మధ్య కాస్త సందు ఉంటుంది. మూత తీసి చూస్తే కనపడదు, చెయ్యి పట్టదు. ఏళ్ల తరబడి మడ్డి పేరుకునేది అక్కడే. విజయవాడలో ‘ఫుల్ సర్వీస్’ అనీ ‘టబ్ సర్వీస్’ అనీ ‘డీప్ క్లీనింగ్’ అనీ అమ్ముతున్నది ఈ సందు శుభ్రం చేసే పనే. అమ్మేది అదే గానీ ప్రతిసారీ జరిగేది అది కాదు.

ఆ ఒక్క పేరు కింద మూడు రకాల పనులు నడుస్తున్నాయి. పౌడర్ ప్యాకెట్ ఒకటి డ్రమ్ములో పోసి, వేడినీళ్లతో ఒక రౌండు తిప్పి వెళ్లిపోయేది మొదటిది. దానికి మనిషి అక్కర్లేదు, ప్యాకెట్ చాలు. పై రింగు, డ్రమ్ము అడుగున తిరిగే రెక్కల పళ్లెం, అంటే పల్సేటర్ ఊడదీసి జెట్ పంపుతో సందులోకి నీళ్లు కొట్టేది రెండోది, గంట పని. లోపలి డ్రమ్ముని పూర్తిగా పైకి లాగి, బాత్‌రూమ్ గచ్చు మీద పెట్టి, దాని వీపు రుద్ది కడిగేది మూడోది. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఊళ్లో మెకానిక్కులు దీనికి వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా అడుగుతుంటారు. రెండో పనికీ దాదాపు అంతే అడుగుతారు, అదే చిక్కు. కాబట్టి ఫోన్లోనే “డ్రమ్ము బయటికి తీస్తారా?” అని అడగాలి. “అవసరమైతే తీద్దామండి” అని జవాబొస్తే తియ్యరని అర్థం.

ముందే తేల్చి చెప్పాలంటే, బోరు నీళ్ల మీద నడిచే టాప్ లోడ్‌కి మూడేళ్లకోసారి డ్రమ్ము తీయించడం డబ్బు దండగ కాదు. ఏటా చేయించమని ఎవరన్నా చెబితే అది వాళ్ల రాబడి కోసమే. ఫ్రంట్ లోడ్‌కి ఇదే పేరుతో అమ్మేది వేరే సరుకు, దాని సంగతి కింద ఉంది.

నీళ్ల సంగతి

కార్పొరేషన్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లతో నడిచే మెషిన్‌కీ, కానూరు, పోరంకి వైపు అపార్టుమెంట్లలో బోరు నీళ్లతో నడిచే మెషిన్‌కీ లోపల చాలా తేడా ఉంటుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం ఉండొచ్చు. వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోమంటుంది. మెషిన్‌కి మాత్రం 200 దాటిన దగ్గర్నుంచే ఇబ్బంది మొదలవుతుంది. ఇక్కడ ఒక పొరపాటు అందరూ చేస్తారు. జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు కాఠిన్యాన్ని కొలవదు. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చూపిస్తుంది, అందులో మామూలు ఉప్పు కూడా ఉంటుంది. కాఠిన్యం తెలియాలంటే దానికి వేరే కిట్టు ఉంది, రంగు మారే పట్టీలూ ఉన్నాయి. అవేవీ లేకపోతే స్నానం సబ్బు ముక్క తురిమి సీసాడు నీళ్లలో వేసి గిలక్కొట్టండి. నురగ నిలబడితే మంచి నీళ్లు. నురగ లేకుండా నీళ్లు విరిగిన పాలలా తయారై తెల్లటి తెట్టు తేలితే కఠిన జలం. బట్టల పౌడర్‌తో ఈ పరీక్ష పనికిరాదు, అది అసలు సబ్బు కాదు కాబట్టి.

ఇప్పుడు మడ్డి. మెకానిక్కులు అన్నిటికీ కలిపి ‘ఉప్పు పట్టింది’ అంటారు. నీళ్లు కాచే హీటరు ఉన్న ఫ్రంట్ లోడ్‌లో ఆ మాట నిజమే. కాగినప్పుడు నీళ్లలోని కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, హీటరు కడ్డీ మీద సున్నపు గారలా గట్టిపడుతుంది. హీటరు లేని టాప్ లోడ్‌లో పట్టేదాంట్లో ఎక్కువ భాగం ఉప్పు కాదు. కరగని పౌడరు, సువాసన కోసం పోసే కండిషనరు, బట్టల పీచు, ఒంటి జిడ్డు, వాటి మీద పెరిగిన బూజు కలిసి పట్టిన పాకుడు అది. రెండింటికీ మందు ఒకటి కాదు. గారని పులుపు కరిగిస్తుంది, జిడ్డు పాకుడుని క్షారం కరిగిస్తుంది. గార వదిలించే ‘డీస్కేలింగ్’ ప్యాకెట్లలో ఉండేది ఎక్కువగా సిట్రిక్ ఆమ్లం లాంటి పులుపే, అంటే నిమ్మ ఉప్పు. అది పాకుడు మీద పోస్తే పైపైన కదిలి, సగం ఊడి, తర్వాతి నాలుగు ఉతుకుల్లో బట్టలకు అంటుకుంటుంది. ‘పౌడర్ వేశాక నల్లపొరలు ఎక్కువయ్యాయి’ అని చెప్పేవాళ్ల మెషిన్లో జరిగింది ఇదే.

మీ మెషిన్లో ఏది ఉందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పల్సేటర్ అంచు కింద పుల్లతో గీకి కొంచెం తీయండి. వేళ్ల మధ్య నలిపితే జారుతూ జిడ్డుగా ఉంటే పాకుడు. గరగరలాడుతూ, మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగితే గార. జిడ్డుగా ఉన్నదానికి సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ పనిచేస్తుంది. టబ్ క్లీనర్ కొనేముందు ప్యాకెట్ మీద ఈ పేరుందో లేదో చూడాలి. 55, 60 డిగ్రీల వేడినీళ్లు బకెట్లతో పోసి, పౌడరు వేసి రెండు నిమిషాలు తిప్పి, రెండు మూడు గంటలు నాననివ్వాలి. సలసల కాగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ టబ్బూ రబ్బరు సీళ్లూ దెబ్బతింటాయి. పులుపు పౌడరూ క్లోరిన్ బ్లీచింగూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి ఎప్పుడూ వాడొద్దు. ఆ రెండూ కలిస్తే వచ్చే గాలి ప్రాణం మీదికి తెస్తుంది.

కొత్త మెషిన్‌కి మొదటి నెల నుంచే ఇలా నెలకోసారి చేసే ఇంట్లో టబ్ విప్పించే అవసరం చాలా ఆలస్యంగా వస్తుంది. ఐదేళ్ల మడ్డి గడ్డకట్టాక మాత్రం ఏ ప్యాకెట్టూ లాభం లేదు. డ్రమ్ము బయటికి రావాల్సిందే.

పని జరిగే తీరు

మంచి మెకానిక్కు వచ్చీ రాగానే స్క్రూ డ్రైవర్ తియ్యడు. ఖాళీ మెషిన్‌ని ఒకసారి స్పిన్‌లో తిప్పి వింటాడు. ఈ రెండు నిమిషాలు వదిలేస్తే, పని అయిపోయాక ‘బేరింగు చప్పుడు ముందు నుంచీ ఉందండి’ అని అతనూ, ‘మీరు వచ్చాకే వచ్చింది’ అని మీరూ వాదులాడుకోవాలి. తర్వాత ప్లగ్గు తీసి, కుళాయి కట్టేసి, పై ప్యానెల్ స్క్రూలు విప్పుతాడు. వైర్ల కప్లర్లు ఊడదీసే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకునే మనిషైతే మీ అదృష్టం బాగుంది. టబ్ మూతి చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగు క్లిప్పుల మీద కూర్చుంటుంది. పాత మెషిన్లలో ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది, లాగే తొందరలో ఒకటో రెండో విరుగుతాయి. ఒకటి విరిగితే పెద్ద నష్టం లేదు. మూడు విరిగితే స్పిన్‌లో రింగు కొట్టుకుంటుంది.

అసలు పని పల్సేటర్ దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్న ఒకే ఒక్క స్క్రూ తుప్పు పట్టి, తల అరిగిపోయి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పది నిమిషాలు ఆగాలి. స్క్రూ వచ్చినా పల్సేటర్ షాఫ్టు పళ్లకి అతుక్కుపోయి కదలదు. రెండు పక్కల రంధ్రాల్లోంచి గట్టి నైలాన్ తాడు దూర్చి, సమానంగా పైకి లాగాలి. రాకపోతే వేడినీళ్లు పోసి మళ్లీ లాగాలి. డ్రమ్ము అంచు మీద ఆనించి స్క్రూ డ్రైవర్‌తో ఎత్తితే పల్సేటర్ రెక్క విరుగుతుంది. విరిగాక ‘పాతబడిపోయిందండీ’ అనే మాట వినపడుతుంది. పల్సేటర్ కింద బయటపడే సరుకుతో చిన్న కిరాణా కొట్టు పెట్టొచ్చు. పిన్నీసులు, రూపాయి బిళ్లలు, చొక్కా గుండీలు, లంగా బొందు తెగిన ముక్కలు, పసిపిల్లల సాక్సు ఒకటి తప్పకుండా.

దాని కింద పెద్ద నట్టు. చాలా మెషిన్లకి 38 నంబరు బాక్స్ పానా పడుతుంది. నట్టు కింద లాక్ వాషరు చెవి మడిచి ఉంటే ముందు దాన్ని చదును చెయ్యాలి. కొన్ని మోడళ్లకి మర ఉల్టా ఉంటుంది, అలాంటివాటికి తరచూ నట్టు మీదే బాణం గుర్తు కనపడుతుంది. మడ్డి తుడిచి ఆ గుర్తు చూడకుండా సుత్తి అందుకునే మనిషిని అక్కడే ఆపండి. నట్టు వదిలాక డ్రమ్ము నిటారుగా పైకి రావాలి. రాకపోతే షాఫ్టు కొన మీద సుత్తితో కొట్టడం ఊళ్లో చాలామందికి అలవాటు. ఆ దెబ్బ కింద గేర్ బాక్సుకి తగులుతుంది, పైన మర చితికిపోతుంది. పద్ధతి తెలిసినవాళ్లు నట్టుని నాలుగు చుట్లు తిరిగి ఎక్కించి, మీద చెక్క పెట్టి, డ్రమ్ముని అటూ ఇటూ ఊపుతూ మెల్లగా తడతారు. ఒక్కోసారి దీనికే అరగంట పడుతుంది. సర్వీసు ధరలో సగం ఈ అరగంటకే ఇస్తున్నామనుకోవచ్చు.

డ్రమ్ము బయటికొచ్చాక దాని వీపు మీద, ముఖ్యంగా అడుగున ఉన్న లోహపు బిళ్ల చుట్టూ, వేలు మందాన బూడిద రంగు ముద్ద కనపడుతుంది. వాసన మురుగు కాలువని మరిపిస్తుంది. దీన్ని వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో రుద్దాలి. టాయిలెట్ యాసిడ్ పోస్తే క్షణంలో తెల్లబడుతుంది, అందుకే కొందరు సంచిలో సీసా పెట్టుకుని తిరుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. స్టెయిన్‌లెస్ స్టీలుకి గుంటలు పెడుతుంది, అల్యూమినియం బిళ్ల ఉంటే తినేస్తుంది. ఇనుప పీచు కూడా వద్దు. ఆ గీతల్లోనే రేపు మళ్లీ మడ్డి పడుతుంది. డ్రమ్ము పై అంచున ఉన్న బోలు రింగులో ఉప్పునీళ్లు ఉంటాయి, స్పిన్‌లో తూకం నిలబడేది దానివల్లే. ఊపితే గళగళమనాలి. చీలిక పడి కారిపోయి ఉంటే ఎంత సర్వీసు చేసినా ఊగుడు తగ్గదు. ఈ సంగతి డ్రమ్ము చేతిలో ఉన్నప్పుడే చూడాలి.

జెట్ పంపు మంచి పనిముట్టే, కొట్టే చోటు తెలిస్తే. టబ్ మధ్యలో షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు మీద సూటిగా కొడితే నీళ్లు బేరింగులోకి దూరతాయి. ఆర్నెల్ల తర్వాత వచ్చే గరగర చప్పుడుకి బీజం అక్కడే పడుతుంది. కింద మోటారు మీద, మురికి నీళ్లు వదిలే వాల్వుని తెరిచే డ్రెయిన్ మోటారు మీద ప్లాస్టిక్ కవరు కప్పకుండా జెట్ అందుకోనివ్వకండి.

ఇక్కడిదాకా చాలామంది చేస్తారు. సర్వీసు బాగుందా లేదా అని తేల్చేది ఆ తర్వాతి పావుగంట. టబ్ అడుగున పక్కకి చిన్న గాలి గది ఉంటుంది, దాని నుంచి సన్నటి రబ్బరు గొట్టం పైన ప్రెజర్ సెన్సర్‌కి వెళ్తుంది. నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో మెషిన్‌కి తెలిసేది ఆ గొట్టంలో నొక్కుకున్న గాలివల్లే. గాలి గది మూతిలో మడ్డి అడ్డం పడితే మెషిన్‌కి లెక్క తప్పుతుంది. నిండినా నిండలేదనుకుని పట్టుకుంటూనే ఉంటుంది, లేదా నీళ్లు పోయినా ఉన్నాయనుకుని స్పిన్ మొదలుపెట్టదు. దీనికి సెన్సరు మార్చినవాళ్లూ, మెషిన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చినవాళ్లూ ఉంటారు. చెయ్యాల్సింది గొట్టాన్ని సెన్సరు వైపు ఊడదీసి, నోటితో ఊది, గదిని కడగడమే. సెన్సరు తగిలించి ఉండగా ఊదితే లోపలి పొర చెడిపోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు గొట్టం ఎక్కడా మడత పడకూడదు, క్లిప్పు బిగుతుగా ఉండాలి.

రెండోది డ్రెయిన్ వాల్వు. మూత తిప్పి తీస్తే లోపల స్ప్రింగూ రబ్బరు బుడ్డీ ఉంటాయి. ఆ రబ్బరు అంచున ఒక్క పిన్నీసు చిక్కుకుంటే నీళ్లు సన్నగా కారిపోతూనే ఉంటాయి, మెషిన్ పట్టుకుంటూనే ఉంటుంది. ట్యాంకు ఖాళీ అవుతోందని అపార్టుమెంటంతా గొడవ పడే దాకా ఎవరికీ తెలియదు. మూడోది నీళ్లు వచ్చే పైపు మూతిలోని జాలి. బోరు ఇసుక అక్కడ ఆగుతుంది. ముక్కు పటకారుతో లాగి, పళ్ల బ్రష్షుతో కడిగి పెట్టాలి. ఇది ఇంట్లోవాళ్లే రెండు నెలలకోసారి చేసుకునే పని, దీనికోసం ఎవరికీ విజిటింగ్ చార్జి ఇవ్వక్కర్లేదు.

నాలుగు మూలలా టబ్‌ని వేలాడదీసే సస్పెన్షన్ రాడ్లు కూడా సర్వీసులోకే వస్తాయి. టబ్‌ని చేత్తో కిందికి నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. మూడు నాలుగు సార్లు ఊగితే రాడ్లలో పట్టు పోయినట్టే. ఒకటే మార్చి మూడు పాతవి ఉంచితే టబ్ ఒక పక్కకి ఒరుగుతుంది, నాలుగూ ఒకేసారి మార్చాలి. కొన్ని మోడళ్లలో ముందు రెండూ వెనక రెండూ ఒకటి కావు, రంగు గుర్తు చూసి పెట్టాలి.

ఫ్రంట్ లోడ్ వాళ్లకి

ఫ్రంట్ లోడ్ డ్రమ్ముని ఇంట్లో విప్పి కడిగి గంటన్నరలో బిగించడం కుదిరే పని కాదు. మెషిన్ మొత్తం విప్పితే గానీ టబ్ బయటికి రాదు. పైగా చాలా మోడళ్లలో టబ్ రెండు సగాలూ ఒకటిగా అతికించి ఉంటాయి. కోసి, మళ్లీ సిలికాన్‌తో అతికి, స్క్రూలు కొట్టి ఇచ్చేవాళ్లు ఉన్నారు గానీ అది బేరింగు పోయినప్పుడు చేసే ఆఖరి ప్రయత్నం. దాన్ని సర్వీసు అనరు. కాబట్టి ‘ఫ్రంట్ లోడ్ ఫుల్ సర్వీస్’ అంటే తలుపు రబ్బరు మడత తుడవడం, కింద డ్రెయిన్ ఫిల్టర్‌లో చిల్లర ఏరడం, పౌడర్ వేసే అర కడగడం, హీటరు గార తియ్యడం. నాలుగూ ఇంట్లో చేసుకోవచ్చు. గార కోసం 100 గ్రాముల నిమ్మ ఉప్పు ఖాళీ డ్రమ్ములో వేసి 60 డిగ్రీల మీద పూర్తి రౌండు తిప్పి, ఆ వెంటనే ఒట్టి నీళ్లతో ఇంకోసారి తిప్పితే చాలు. బోరు నీళ్లైతే రెండు మూడు నెలలకోసారి. ఇంతకంటే తరచుగా వద్దు. డ్రమ్ము వెనక పట్టి ఉంచే మూడు కాళ్ల అల్యూమినియం బిళ్ల పులుపునీ ఓర్చుకోదు, ఘాటు క్షారాన్నీ ఓర్చుకోదు. ఈ నాలుగు పనులకి టాప్ లోడ్ ధర అడిగితే ఇవ్వకండి.

డబ్బు పెట్టి చూపించుకోవాల్సినది ఒకటుంది. తలుపు తీసి డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. డ్రమ్ముతో పాటు టబ్ మొత్తం కదిలితే మంచిదే. డ్రమ్ము ఒక్కటే టకటకలాడితే బేరింగు లూజు. మెషిన్ వెనక కింద తుప్పు రంగు నీటి చారలుంటే సీలు కారుతోంది. అప్పుడే చేయిస్తే రెండు బేరింగులూ ఒక సీలుతో పోతుంది. సంవత్సరం నెట్టుకొస్తే షాఫ్టు కూడా అరిగి, కొత్త మెషిన్ కొనుక్కుంటే నయమనిపించే బిల్లు వస్తుంది.

‘బోర్డు పోయిందండి’

సర్వీసుకని పిలిస్తే మాట ఇక్కడికి రావడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. నిజంగా పోయే సందర్భాలూ ఉన్నాయి. వానాకాలంలో వెచ్చదనం కోసం బోర్డు మీదికి చేరిన బల్లి ఒక్కటి చాలు. అయినా ఆ మాట నమ్మే ముందు తెర మీద కోడ్ చూడాలి. ఎల్‌జీ మెషిన్లలో ‘ఐఈ’ అంటే నీళ్లు రావట్లేదు, ‘ఓఈ’ అంటే నీళ్లు బయటికి పోవట్లేదు, ‘యూఈ’ అంటే బట్టల బరువు ఒక పక్కకి చేరింది. శామ్‌సంగ్‌లో నీళ్లు రాకపోతే ‘4ఈ’ లేదా ‘4సీ’, పోకపోతే ‘5ఈ’ లేదా ‘5సీ’. వీటిలో ఎక్కువ భాగం జాలి, పైపు మడత, ట్యాంకు ఒత్తిడి తగ్గడం, వాల్వు దగ్గరే తేలిపోతాయి. పై అంతస్తులో, ట్యాంకు సరిగ్గా నెత్తిన ఉన్న ఇంట్లో నీళ్లకి ఒత్తిడి చాలక ‘ఐఈ’ రావడం మామూలే.

అప్పటికీ తేలకపోతే మల్టీమీటర్ తియ్యమనండి. నీళ్లు లోపలికి వదిలే 230 వోల్టుల ఇన్లెట్ వాల్వు కాయిలు సుమారు 4 కిలో ఓమ్‌లు చూపించాలి. అసలేమీ చూపించకపోతే పోయింది వాల్వు, బోర్డు కాదు. కాయిలు బాగుండి, దాని దగ్గరికి కరెంటు రావట్లేదంటే వైరింగు చూసి, అప్పుడు బోర్డుని అనుమానించాలి. అప్పుడు కూడా తరచూ పోయేది బోర్డు మీద స్విచ్చులా పనిచేసే ఒక్క ట్రయాకో రిలేనో. బోర్డులు బాగుచేసే దుకాణాలు ఊళ్లో ఉన్నాయి, కొత్త బోర్డు ధరలో చిన్న వంతుకే పని అవుతుంది. మోటారు ‘ఊఁ’ అని మూలుగుతూ తిరగకపోతే, చేత్తో కాస్త తిప్పగానే అందుకుంటే అది కండెన్సరు పని. మీద రాసిన మైక్రోఫారడ్ అంకె చూసి అదే కొనాలి, ‘దగ్గర దగ్గరగా సరిపోతుందిలే’ అనడం కుదరదు. పాత సామాను ఏది మార్చినా మీ చేతికి ఇచ్చి వెళ్లమనండి. ఆ ఒక్క మాటతో సగం అబద్ధాలు ఆగిపోతాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు నీళ్లలో నానిన మెషిన్ ఎండబెట్టుకుని ఇంకా వాడుతూ ఉంటే, దానికి మామూలు టబ్ సర్వీసు సరిపోదు. వరద ఒండ్రు గాలి గదిలోనూ, క్లచ్చు చుట్టూ, మోటారు బేరింగులోనూ మిగిలే ఉంటుంది. టాప్ లోడ్ బోర్డు పైన ఉంటుంది గనక చాలావరకు గండం తప్పి ఉండొచ్చు, మోటారూ డ్రెయిన్ మోటారూ మాత్రం అడుగునే ఉంటాయి. కరెంటు బాడీకి కారుతోందేమో చూసే 500 వోల్టుల మెగ్గర్ మీటరుతో మోటారు చుట్టకీ బాడీకీ మధ్య కొలిపించాలి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ మోటారుని మళ్లీ కరెంటుకి తగిలించొద్దు. మెషిన్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటుందని చెక్క పీట వేసుకుని ఉతుక్కునే ఇళ్లున్నాయి. ముందు ఎర్తింగు, తర్వాతే ఉతుకుడు.

వచ్చిన మనిషి వెళ్తూ వెళ్తూ అమ్మజూపే వాటిలో ఎలుకల జాలి కొనండి. టాప్ లోడ్ అడుగు తెరిచి ఉంటుంది, ఎలుక దూరి వైరింగు కొరికితే ఆ ఖర్చు వారంటీలోకి సాధారణంగా రాదు. చక్రాల స్టాండు కొనొద్దు. నేల మీద నాలుగు కాళ్లతో నిక్కచ్చిగా నిలవాల్సిన మెషిన్‌ని ఉయ్యాలెక్కిస్తే రాడ్లూ బేరింగులూ ముందే అరుగుతాయి. నీళ్లు నిలిచే చోటైతే ఇటుక ఎత్తున సిమెంటు దిమ్మె కట్టించుకోండి.

కంపెనీ సర్వీసు, యాప్‌లో బుక్ చేసేది, వీధి చివర దుకాణం అన్న ఎంపికలో, డ్రమ్ము లాగడం వరకు చెయ్యి తిరిగినవాళ్లు దుకాణాల్లోనే ఎక్కువ. రోజూ అదే పని కాబట్టి. అసలు పార్టు, రసీదు కావాలంటే కంపెనీ నయం. యాప్ వాళ్లకి టైము లెక్క ఉంటుంది, తుప్పు స్క్రూ దగ్గర అరగంట ఆగే ఓపిక వాళ్ల స్లాటులో ఉండదు. వారంటీ నడుస్తుంటే మాత్రం బయటివాళ్లని ముట్టనివ్వకండి, విప్పితే చెల్లదని చాలా కార్డుల్లో రాసి ఉంటుంది. ఏడాది కాంట్రాక్టు కట్టేటప్పుడు రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లు అందులో ఉన్నాయో లేదో చదవండి. సర్వీసులో తరచుగా మార్చేవి అవే, తరచుగా కాంట్రాక్టులో ఉండనివీ అవే. ఎవరు చేసినా బిల్లు మీద ‘డ్రమ్ము తీసి శుభ్రం చేయబడింది’ అని రాయించుకోండి. బిల్లుంటే తేడా వచ్చినప్పుడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది.

డబ్బులిచ్చే ముందు నిండా నీళ్లు పట్టించి పదిహేను నిమిషాలు వదిలేసి కింద చెమ్మ ఉందేమో చూడండి, ఆ తర్వాత ఖాళీగా స్పిన్ తిప్పించండి. గచ్చు మీద ఒక్క స్క్రూ మిగిలినా తిరిగి విప్పమనండి. అది దేనిదో తర్వాత మీకు చప్పుడు రూపంలో తెలుస్తుంది. మర్నాడు పాత తెల్ల తువ్వాలు ఒక్కటే వేసి ఉతకండి. మొదటి రెండు ఉతుకుల్లో రవ్వంత నలుపు కనపడితే కంగారు పడక్కర్లేదు, సందుల్లో నాని వదిలినవి. మూడో ఉతుకులో కూడా తువ్వాలుకి పొరలు అంటితే వాళ్లు డ్రమ్ము తియ్యలేదు, పైనుంచి జెట్ మాత్రం కొట్టారు. ఆ తువ్వాలు ఉతక్కుండా అలాగే పక్కన పెట్టి ఫోన్ చెయ్యండి.